నీళ్లు తెల్లగా వచ్చిన రోజు

కాలుష్య తనిఖీ అధికారి శ్రీ హరీశ్ గారి సముఖమునకు,
నీలం నగర్ కిరాణా దుకాణం దత్తాత్రి రాసుకున్న అర్జీ.

అయ్యా,

హరీశ్, బాగున్నవా? అమ్మ మోకాళ్లు ఎట్లున్నయి? ఇన్ని రోజులు ఆలస్యం చేసిన, ఏమనుకోకు. గిరాకీ మధ్యల ఫోన్లనే టైపు చేస్తున్న. ఇక్కడి సర్కారు భాషని మరాఠీల పెట్టిన మొదటి అర్జీకి తమ ఆఫీసు జవాబు వచ్చేసింది. అందుకే ఇది తెలుగుల, నీకే.

విషయం: రంగుల కార్ఖానా మా గల్లీ వెనక నాలాలోకి వదులుతున్న నీళ్లు, చెడిపోయిన బోరింగు, మా అక్క ఎల్లమ్మ చేతుల గురించి.

1. కార్ఖానాలో నూలుకు ఏ రంగు వేస్తే నాలా ఆ రంగు పారుతుందని తమకు తెలియనిది కాదు. మర్నాటికి పక్కనున్న బోరింగుదీ అదే రంగు. మన ఆడవాళ్లు ఆ రంగు చూసే బీడీల తునికాకు తడుపుతారు. ఎర్రగా వస్తే ఆగుతారు. తెల్లగా వస్తే బిందెలు పట్టుకొని ఉరుకుతారు.

2. పోయిన నెల నీళ్లు అద్దంలా వచ్చాయి. అక్క ఉన్న ఆకంతా నానబెట్టింది. అది నూలును తెల్లగా చేసే బ్లీచింగు రోజని ఎవరికీ తట్టలేదు. ఆకు పాలిపోయింది. బీడీ కంపెనీ మనిషి కట్టలన్నీ పనికిరావని పక్కకు నెట్టేశాడు. అక్క వేళ్ల తోలు ఊడిపోయింది. ఇప్పుడు బీడీకి దారం చుట్టలేదు, అన్నం కలుపుకోలేదు. "దత్తూ, ఇగ నా బీడీ అయిపోయింది రా" అన్నది. నవ్వుకుంటనే అన్నది, హరీశ్.

3. తమ కార్యాలయపు మనిషి కూడా అట్లాంటి రోజే వచ్చాడు. సీసా నింపి, ఎండకు పట్టి చూసి, "దాదా, ఇంత సాఫ్ నీళ్లు మా ఇంట్ల సుత రావు" అన్నాడు. 'రంగు లేదు, ఫిర్యాదు ముగిసినది' అని జవాబు. ఆయన్ను ఏమనాలె, మేమూ అట్లనే నమ్మితిమి.

4. కార్ఖానాకు తాళం వేయమని కోరుట లేదు. వేస్తే మా బావ మగ్గం ఆగుతుంది. అక్క చేతులు పోయినాక ఆ ఇంటికి అదొక్కటే ఆధారం. "నా పేరు రాయకు బామ్మర్దీ, కార్ఖానా సేటు నూలు ఆపుతడు" అని యాదగిరి బావ మొత్తుకున్నాడు. ఆ పేరు తమరు చదివి కొట్టివేయవలెను.

కాబట్టి నీళ్లు తెల్లగా వచ్చిన రోజే మళ్లీ సీసా నింపించి, కంటితో చూసి కాక పరీక్ష చేయించి, ఆ నీళ్లు శుద్ధి చేసినాకనే నాలాలోకి వదలాలని కార్ఖానాను ఆదేశించవలెనని ప్రార్థన. అయితదని నాకైతే నమ్మకం లేదు. అక్క వేళ్లు ఇక మునుపటిలా వంగవని డాక్టరు చెప్పాడు. గల్లీలో మిగతా ఆడవాళ్లకు చెప్పి చూసిన. "తెల్లనీళ్లు గూడ వద్దంటే ఇంకేం నీళ్లు పట్టాలె అన్నా" అంటున్నరు.  దానికి జవాబు తమ వద్ద ఉంటే చిత్తగించి తెలుపవలెను.

తమ విధేయుడు,
దత్తాత్రి

తా.క. బడి నుంచి వచ్చి అక్క చేతి ముద్దలు తినేటోనివి, యాదికున్నదా? "ఆ పిలగాడేనా ఆఫీసరు" అని అడుగుతున్నది. ఇప్పుడు ఆమెకు నేను కలిపి పెడుతున్న. నువ్వొస్తే నీకు కూడ పెడుత. తాగే నీళ్లు మాత్రం నువ్వే తెచ్చుకో. ఎప్పుడు వస్తవు?