రెండు కుర్చీల కూపన్

ప్రియమైన మరదలు పిల్లకి,

ఫోన్ చేస్తే ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం. పెట్టేశాక ఎవరేం చెప్పారో ఒక్క ముక్క గుర్తుండదు. అందుకే ఈ ఉత్తరం.

ఇన్నాళ్లూ ఇంటి ముందుగదిలోనే జుట్టు కత్తిరించాను కదా, ఇప్పుడు వీధి చివర లాండ్రీ పక్కన ఒక గది అద్దెకు తీసుకున్నాను. నా సొంత సెలూన్. అద్దాలు బిగించారు, కుళాయి పెట్టారు. కుర్చీ ఒక్కటే లేదు. కాలితో పెడల్ నొక్కితే పైకి లేచే కుర్చీ కావాలి. మీ అన్నయ్య వంటింటి కుర్చీ మీద రెండు దిండ్లు వేసి, "ఇది చాలదా?" అన్నారు. దాని మీద కూర్చున్నావిడ, సగం జుట్టు కత్తిరించేసరికి దిండ్లతో సహా పక్కకు ఒరిగిపోయింది. నెలాఖరులోగా తెరవకపోతే గదిని ఫొటో స్టూడియో వాళ్లకి ఇచ్చేస్తానని ఓనరు తెగేసి చెప్పాడు.

కుర్చీ ధర చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. పూర్తి ధర పెట్టి కొంటే మొదటి నెల అద్దెకు చేతిలో చిల్లిగవ్వ మిగలదు. సబ్బు కొన్నా కూపన్ లేకుండా కొనని మనిషివి నువ్వు. ఏ సైటుని నమ్మాలో చెప్పు.

ఇట్లు,
కుర్చీ లేని సెలూన్ ఓనరు,
నీ వదిన


ప్రియమైన ఓనరు వదినకి,

నువ్వు అడిగావని మూడు కూపన్ సైట్లు జల్లెడ పట్టాను. మొదటిది నువ్వు తెగ మెచ్చుకునేదే. అందులో కూపన్లు బోలెడు, పనిచేసేది ఒక్కటీ లేదు. ఏది వేసినా గడువు అయిపోయిందంటుంది. అయిపోయినవన్నీ తీసేస్తే అక్కడ మిగిలేది ఖాళీ పేజీ. రెండోది కూపన్ ఇస్తుంది కానీ ముందు ఫోన్ నంబరు అడుగుతుంది. ఇచ్చిన పాపానికి ఇప్పుడు పొద్దున్నే నన్ను లేపేది అలారం కాదు, వాళ్లే. మూడోది మహా గడుసుది. పొద్దున ధర పెంచి, సాయంత్రం తగ్గించి, సగం ధరకే అని ఎర్రటి అక్షరాలతో ఊదరగొడుతుంది. పాత ధర గుర్తుపెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే నేనూ బుట్టలో పడేదాన్ని.

ఇక్కడ అంతా మామూలే. ఈ పెద్ద సెలూన్లో చేరింది మొదలు తలలు కడుగుతూనే ఉన్నాను. మా వదిన దగ్గర కత్తెర పట్టడం నేర్చుకున్నానని మేడమ్‌కి మళ్లీ చెప్పి చూశాను. "నీ చేతికి నీళ్లే అచ్చొచ్చాయి" అంది. నవ్వేశాను. వేళ్లు మాత్రం నాని నాని ముడతలు పడ్డాయి.

కింద ఒక కూపన్ కోడ్ రాస్తున్నాను. ఇది ఆ మూడు సైట్లలోనూ ఉండదు. ఎక్కడిదని అడగకు, కుర్చీల కంపెనీ సైటులో వేసెయ్.

ప్రేమతో,
తలలు కడిగే నీ మరదలు


ప్రియమైన కూపన్ల మహారాణికి,

నీ కోడ్ వేశాను. మీ అన్నయ్యని పక్కన కూర్చోబెట్టుకుని మరీ వేశాను. రెండు కుర్చీలు కొంటేనే వర్తిస్తుందని వచ్చింది. ఆయన నవ్విన నవ్వుకి పక్కింటివాళ్లు తొంగిచూశారు. రెండో కుర్చీలో తాను కూర్చుని పేపరు చదువుకుంటారట.

నాకున్నది ఒక కత్తెర. రెండో కుర్చీ ఏం చేసుకోను? నెలాఖరు తరుముకొస్తోంది. నీ మీద కోపంగా ఉంది, గది పోతుందేమోనని భయంగానూ ఉంది. ఒక్క కుర్చీకి పనిచేసే కూపన్ వెంటనే పంపు.

నీ వదిన


వదినకి,

చూసుకోలేదు. తొందరలో కింద ఉన్న షరతు చదవలేదు. ఒక్క కుర్చీకి ఏ సైటులోనూ ఏమీ లేదు. వాడిన కుర్చీ ఎవరైనా అమ్ముతారేమో కనుక్కో.

నేను బాగానే ఉన్నాను. మేడమ్ కొత్త ఏప్రన్ ఇచ్చింది.

ఉంటాను,
మరదలు


ప్రియమైన దొంగ మరదలికి,

నీ పోయిన ఉత్తరంలో ‘ప్రియమైన’ లేదు, ఒక్క వేళాకోళం లేదు. ఆ ఉత్తరం పట్టుకుని ఇల్లంతా తిరిగాను. అప్పటికి వెలిగింది. షాంపూ సీసా వెనక చీమ తలకాయంత అక్షరాలు చదివి, కొట్టువాడితో వాదించి సీసా మార్పించిన మనిషివి. నువ్వు షరతు చదవలేదా? చదివావు. చదివే పంపావు. నన్నూ రమ్మను వదినా అని నోరు తెరిచి అడగడానికి మొహమాటం అడ్డొచ్చి, కూపన్‌ని రాయబారం పంపావు. నాకే బుర్ర ఆలస్యంగా పనిచేసింది.

రెండూ కొన్నాను. రెండూ కలిపినా ఒకదాని ధర మీద కాస్తే ఎక్కువైంది. పడీపడీ నవ్విన మీ అన్నయ్యే బండి కొనడానికి దాచుకున్నది తెచ్చి నా చేతిలో పెట్టారు. నిన్న కుర్చీలు వచ్చాయి. కిటికీ పక్కది నీది. లాండ్రీ ఆవిడ వచ్చి అందులో కూర్చోబోతే, "అది మా మరదలిదండీ, తను వచ్చాకే" అని లేపేశాను.

బోర్డు రాసే పెయింటరు పేరు చెప్పమని ప్రాణం తీస్తున్నాడు, నాకేమో ఏదీ తోచడం లేదు. నువ్వు వచ్చెయ్. నిన్ను కుర్చీ కన్నా ముందే అడగాల్సింది. నాకు నువ్వు కావాలి.

ఎదురుచూస్తూ,
నీ వదిన


ప్రియమైన వదినకి,

నీ ఉత్తరం సెలూన్లోనే చదివాను. చదివి, ఏప్రన్ మడతపెట్టి మేడమ్ చేతికిచ్చాను. ఏమైందని అడిగింది. "నాకు సొంత కుర్చీ వచ్చింది" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, అద్దాల ముందు కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

నువ్వు అన్నీ కనిపెట్టావు కానీ ఒక్కటి మాత్రం పట్టలేకపోయావు. ఆ కూపన్ అసలు ఎక్కడా లేదు. సైట్లన్నీ వెతికి విసుగొచ్చి, కుర్చీలు తయారుచేసే కంపెనీకే ఫోన్ చేసి బేరమాడాను. ఒక్కదానికి పైసా తగ్గించం అన్నారు. మరి రెండైతే అన్నాను. రెండెందుకని అడిగారు. "మేమిద్దరం కలిసి సెలూన్ తెరుస్తున్నాం" అని నోట్లోంచి వచ్చేసింది. ఆ మాట విని వాళ్లకన్నా ముందు నేనే ఉలిక్కిపడ్డాను. అప్పటికప్పుడు మన ఇద్దరి కోసమే ఆ కోడ్ తయారుచేసి ఇచ్చారు.

ఇచ్చేముందు షాపు పేరు అడిగారు. అదీ చెప్పేశాను: ‘వదినా మరదలు’. పెయింటరుకి అదే ఇవ్వు, పెద్ద అక్షరాలతో రాయమను. శుక్రవారం బస్సుకి వస్తున్నాను. టికెట్ కూపన్‌తోనే కొన్నాను, షరతులన్నీ చదివి.

కత్తెర పట్టుకుని వస్తున్న
నీ మరదలు