ఫిరంగి ఆపిన బుధవారం

నాన్నా,

మా రేడియో టెలిస్కోప్ డిష్ దగ్గర సెల్‌ఫోన్లు వాడనివ్వరు. ప్రకటన అయ్యేదాకా సెలవులు కూడా ఆపేశారు. అందుకే పాలవ్యాను డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. అమ్మ కంగారు పడుతుంది, నువ్వు చదివి నెమ్మదిగా చెప్పు.

చచ్చిపోయిన నక్షత్రాలు కొన్ని గిర్రున తిరుగుతూ క్షణక్షణానికీ రేడియో సంకేతం పంపుతాయి. ఈమధ్య కొత్త రకానివి బయటపడ్డాయి. అవి తీరిగ్గా, పావుగంటకో అరగంటకో ఒకసారి పలుకుతాయి. ఎందుకంత నిదానమో ఇంకా ఎవరూ తేల్చలేదు. అలాంటిదొకటి నాకు దొరికింది, ఇరవై నిమిషాలకోసారి. వచ్చే వారం నా పేరు ముందు పెట్టి లోకానికి చెప్పబోతున్నారు.

మొన్న మధ్యాహ్నం తెరమీద దాని గీత లేచింది. ఆ వెంటనే గుట్ట అవతల మన చేలో పిట్టల్ని తోలే ఫిరంగి ఢామ్మంది. అదీ ఇరవై నిమిషాలకోసారే కదా. గ్యాస్ అంటుకోవడానికి దాంట్లో కరెంటు రవ్వ పుడుతుంది కదా, అది మా డిష్‌కి వినబడుతుంది. చిన్నప్పటి నుంచీ అలవాటైన చప్పుడు కాబట్టి ఇన్నాళ్లూ నా చెవికే ఎక్కలేదు.

ఇక్కడ మా పని చూసే పెద్దాయనకు చెప్పాను. "మీ నాన్న ఫిరంగికి నక్షత్రం పుట్టిందంటావా? పోయి పడుకో తల్లీ, నిద్ర చాలట్లేదు నీకు" అని నవ్వాడు. దూరం నుంచి వచ్చినదానికి ఉండాల్సిన గుర్తు దీనికి సరిగా లేదన్నా వినలేదు. ఇలాంటిదాని కోసం ఆయన ఏళ్లుగా కాచుకుని ఉన్నాడు. నేనూ అంతే. అయినా తేల్చుకోకుండా నా పేరు పెట్టనివ్వను.

బుధవారం పగలంతా ఫిరంగి ఆపు. గురువారం పెట్టు, కానీ పేలుడుకీ పేలుడుకీ మధ్య ఎడం మార్చు. ఎంతకు మార్చావో నాకు తర్వాత రాయి. మొక్కజొన్న గింజ పట్టే వేళ అని తెలిసే అడుగుతున్నాను.

నీ పెద్దది

*

పెద్దదానా,

ఆపాను. పొద్దున్నే చిలకల దండు దిగింది. అమ్మ రేకు డబ్బా, నేను కర్ర పట్టుకుని గట్ల వెంట పరిగెత్తాం. తూర్పు వైపు సాళ్లు పోయాయి. "దీని నక్షత్రం సంగతేమో గానీ నా మోకాళ్లు రాలిపోయాయి" అంది మీ అమ్మ. కాసేపటికి మళ్లీ, "మనదే అని తేలితే పిల్ల పేరు పోతుంది కదండీ. ఫిరంగి మళ్లీ పెట్టేసి, ఆపామని రాసేద్దామా?" అంది. "అది అడిగింది అబద్ధం కాదే" అన్నాను. డబ్బా తీసుకుని లేచింది.

గురువారం ముప్పై మూడు నిమిషాలకు పెట్టాను.

వేళకు తిను.

నాన్న

*

నాన్నా,

బుధవారం తెర ఖాళీ. గురువారం ముప్పై మూడుకోసారి గీత లేచింది. నీ ఉత్తరం రాకముందే ఆ అంకె అందరి ముందూ బోర్డు మీద రాశాను. వ్యాను రాగానే ఉత్తరం విప్పకుండా పెద్దాయన చేతికే ఇచ్చాను. అబద్ధం రాద్దామన్న అమ్మ మాటను ఆయన రెండోసారి చదివాడు. తర్వాత "ప్రకటన ఆపండి" అని లోపలికి వెళ్లిపోయాడు. వారం దాకా నాతో మాట్లాడలేదు.

నక్షత్రం లేదు. ఏడ్చాను, అమ్మకు చెప్పకు. క్యాంటీన్‌లో నన్ను ఫిరంగమ్మ అంటున్నారు. అననీ.

ఈరోజు పెద్దాయన మిగతా సంకేతాల ఫైళ్లన్నీ తెచ్చి నా బల్లమీద పడేశాడు.

"వీటిలో ఏవి ఇలాంటి దొంగవో, ఏవి చంపాలో చూడు" అన్నాడు.

"చావనిది ఉంటే?" అన్నాను.

"నువ్వు చంపలేకపోయావంటే ఇక అది నక్షత్రమే" అన్నాడు.

రేపు మొదలుపెడుతున్నాను. నువ్వు ఫిరంగి మళ్లీ ఇరవైకే పెట్టుకో. దాని చప్పుడు ఏదో నాకు తెలిసిపోయింది, తీసేసి వింటాను.

నీ పెద్దది