మెడ మీది నలుపు

చెల్లీ, నేను కులాసాగానే ఉన్నాను, ముందే ఏడుపు మొదలెట్టకు. మా కుట్టు కార్ఖానాకి వచ్చిన డాక్టరమ్మ నా మెడ వెనక నలుపు పట్టేసింది.

"మురికేనమ్మా, మా ఆవిడ పీచుతో రుద్దలేక చస్తోంది" అన్నాను.

"మురికి కాదయ్యా, రక్తం చూపించుకో" అంది.

చూపిస్తే షుగరు ఇంకా రాలేదు గానీ, ఇన్సులిన్ మాట ఒళ్లు వినడం లేదట, అచ్చం నా మాట మీ వదిన విననట్టు. మెడ మీది నలుపు దానికి గుర్తేనట. ఇప్పుడే తెలిసింది గనక తిండి తగ్గించి, నడిస్తే దారికొస్తుందట. తెచ్చి తీరతాను.

నీ మెడా నల్లబడిందిగా? రుద్దడం ఆపి, పరగడుపున వెళ్లి షుగరుతోపాటు ఇన్సులిన్ కూడా చూపించుకో. దర్జీ చెల్లెలివి, సూదికి భయమేంటి?

బావ మోకాలు ఎలా ఉంది? పిల్లలకి ఆశీస్సులు. నీకు మాత్రం రిపోర్టు చూశాకే.

నీ అన్నయ్య