కొత్తాయన చేతిలో నా కాగితాలు

1976 జూలై, ఆదివారం రాత్రి
అమలాపురం

లైబ్రరీలో ఇవాళ ప్రాచీన చైనా కవుల మీద నా ప్రసంగం. రాజ్యం మూడు ముక్కలైన రోజుల్లో రాజుకి కోపం తెప్పించిన కవుల తలలు తెగాయని, మిగిలినవాళ్లు మద్యం గురించీ కొంగల గురించీ రాసుకుని బతికారని, ఒక కొత్త శైలే ఆ భయంలోంచి పుట్టిందని చెప్పాను.

వెనక బెంచీలో తెల్లచొక్కాతో ఒక కొత్తాయన. నేను రాజు అన్నప్పుడల్లా రాసుకున్నాడు. పద్యం చదివితే మాత్రం పెన్ను మూసేశాడు.

సభ అయ్యాక దగ్గరికొచ్చాడు. "ఆయ్, బాగా చెప్పేరండి మేస్టారూ. ఆ కాగితాలు ఓసారి ఇప్పిస్తారాండీ? రాసుకుని రేపు పంపించేస్తానండి."

అంత మర్యాదగా అడిగితే కాదనడం మన వల్ల అవుతుందా? ఇచ్చేశాను. పేరైనా అడగలేదు.

ఆయన వెళ్లాక, సభ కార్యదర్శి మూర్తిగారిని "ఎవరండీ ఆయన?" అని అడిగాను.

"అదేంటండీ, మీరు తీసుకొచ్చేరనుకున్నానండి!"

ఆ మాట అంటూ ఆయన సైకిలు తాళం వైపే చూశారు. మూర్తిగారు కూడానా? ఛ, ఇరవై ఏళ్ల స్నేహం. కానీ ఈ ఎమర్జెన్సీలో ఎవరిని నమ్మాలి?

నా ప్రాణం తీస్తున్నది మూడో కాగితం. రాజు కథ పక్కన పెన్సిల్‌తో "ఢిల్లీలోనూ ఇదే" అని రాసుకున్నాను. చెరిపేశానా, చెరపాలని అనుకున్నానా?

ఈ డైరీ కూడా ఎవరి చేతిలోనైనా పడొచ్చు.

ఇవాళ గాలి చల్లగా వీచింది. కాలవ గట్టు మీద కొంగలు చాలా వాలాయి.