తుప్పు పట్టని కత్తి

అక్క నాగమ్మ పాదాలకు మొక్కి తమ్ముడు ఈరన్న రాసేది. నువ్వూ, బావా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? ఎమ్మిగనూరులో వాన పడిందా? ఇక్కడ మేము క్షేమం అని రాయబోయి ఆగాను. నేను బాగానే ఉన్నాను. నీ మరదలు ఉరుకుందమ్మ లేచి తిరుగుతోంది, పనికి కూడా వస్తోంది. నువ్వు బెంగపడొద్దు.

బిడ్డ పోయిన సంగతి ఊరికి వచ్చిన మా మేస్త్రీ చెప్పే ఉంటాడు. ఆడబిడ్డ. పదకొండు రోజులు బతికింది. ముక్కు అచ్చం మన అమ్మదే.

మా కాలువ పని పూనా దాటాక. గుడారాల్లో ఉంటున్నాం. ఒకటే వాన. జొన్నపిండి దొరుకుతుంది గానీ మన కోసిగి జొన్నల రుచి లేదు. గుడారం బతుకులో కత్తి లేకుండా ఏ పనీ జరగదక్కా. ఉల్లిగడ్డ కోయాలన్నా, తాడు తెగ్గోయాలన్నా, గుడారం కట్టే గూటం చెక్కాలన్నా పక్కవాళ్ళను అడగాలి. అడిగి అడిగి సిగ్గేసి ఒక వారం సంతకు పోయాను.

అక్కడ రెండు రకాలు చూశాను. ఒకటి కట్టె పిడి నాటుకత్తి. బరువుగా ఉంది, పదును బాగుంది. రెండోది స్టీలు మడతకత్తి. ఒక్క పిడిలోనే కత్తి, డబ్బా మూత తెరిచేది, మరలు తిప్పేది, చిన్న కత్తెర. వానలో వదిలేసినా తుప్పు పట్టదని అంగడివాడు చెప్పాడు. చాలాసేపు చేతులు మార్చి మార్చి చూసి, ఆ తుప్పు మాటకే పడిపోయాను. ఉరుకుందమ్మ దాన్ని చూసి నవ్వింది. "నీకంటే ఇదే మేలుబ్బా, సెప్పకుండానే అన్ని పనులూ సేస్తాది" అంది.

కాన్పు గుడారంలోనే అయింది. మాతో వచ్చిన తిక్కమ్మ అవ్వ పురుడు పోసింది. "గాలీ ధూళీ సోకకుండా బిడ్డ తలకాడ ఇంత ఇనుము పెట్టప్పా" అంది. గడ్డపారలు, పారలు పని కాగానే షెడ్డులో పెట్టి తాళం వేస్తారు. అందుకని నా కత్తే మడిచి పక్క కింద పెట్టాను. మంచి పని చేశాననుకున్నాను.

తొమ్మిదో రోజుకు బిడ్డ ఒళ్ళు పచ్చబడింది. ఆసుపత్రికి ఎత్తుకుపోయాం. కామెర్లు ముదిరాయి, ముందే రావలసింది అన్నాడు డాక్టరు. పూడ్చిపెట్టి వచ్చాక అవ్వ పక్కబట్టలు తీస్తుంటే కత్తి కనబడింది. తిప్పి తిప్పి చూసి, "ఇదేం కత్తప్పా? తుప్పు పట్టనిది ఇనుమెట్లయితాది?" అంది. అవ్వ చెడ్డది కాదు, నోరు జారింది. ఉరుకుందమ్మ వినింది.

ఆనాటి నుంచి ఆ కత్తి ముట్టలేదు. ఉల్లిగడ్డను రాతి మీద చితక్కొట్టి కూరలో వేస్తోంది. నాతో ఒక్కసారే మాట్లాడింది. "నాటుది కొనింటే బతికుండేదేమో గదా" అంది. మరునాడే కత్తిని కాలువలో పారేశాను. అయినా ఆమె తీరు మారలేదు. డాక్టరు మాట చెప్పాను, స్టీలు కూడా ఇనుమేనని చెప్పాను. ఒక్కోసారి నాకే నా మాట మీద నమ్మకం పోతోంది. తిట్టినా బాగుండేదక్కా. తిట్టదు, ఏడవదు.

బావకు నా నమస్కారాలు. చిన్నమ్మను అడిగానని చెప్పు. ఇటు వచ్చేవాళ్ళుంటే ఇంత చింతపండు పంపు. మమ్మల్ని దీవించు.

ఇంకొక్క మాట. అడగకూడనిది. నీ పెద్దోడు పురిట్లోనే పోయినప్పుడు వాడి తలకాడ మన నాయన కొడవలి ఉండింది. నల్లటి ఇనుము, తుప్పు పట్టింది. నేనే తెచ్చి పెట్టాను. ఇన్నేండ్లూ ఆ బిడ్డ మాట నీ దగ్గర ఎవరమూ ఎత్తలేదు. ఆ సంగతి నీ చేత్తో రాసి పంపక్కా. నేను చెబితే ఉరుకుందమ్మ నమ్మదు. నీ ఉత్తరం చదివి వినిపిస్తాను.

ఇట్లు
నీ తమ్ముడు
ఈరన్న