నీ డోలక్‌కు కొత్త తోలు

బావా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. గుండెల నొప్పిని గ్యాస్ అని చెప్పి వారం రోజులు నా దగ్గర దాచినవ్. ఆ కోపం ఎవరికి చెప్పుకోవాలె? నాచారం కంపెనీల నాతోటి పనిచేసేటోళ్లు "మస్తు ధైర్యం నీకు, ఒక్క చుక్క కన్నీళ్లు రాలే" అన్నరు. ఇంటికొచ్చి గిన్నెలు ఇసిరేదాన్ని. ఒకనాడు ఊరికెనే బిడ్డ మీద చెయ్యి లేపిన. అది భయంతోని గోడకు అతుక్కపోయింది. దాని మొఖం సూసి, నువ్వు చర్చిల కొట్టే డోలక్, బీరువా మీదున్నదాన్ని దించిన. తోలు చినిగేదాక కొట్టిన.

ఉప్పల్‌ల బాగుచేసేటాయన సూసి, "ఏందక్కా, ఎవరి మీద కోపం?" అన్నడు.

"మా ఆయన మీద."

"గట్లయితే మందం తోలు ఏస్త."

అప్పటిసంది రోజూ పని నుంచి వచ్చినంక అరగంట కొడుతున్న. బిడ్డ చప్పట్లతోని తాళం ఏస్తది.

ఇయ్యాల ఇంట్ల నీ జ్ఞాపకార్థ కూడిక, పాస్టరయ్య, చర్చోళ్లు అందరు వచ్చిన్రు. పాట మొదలుపెట్టంగనే మీ తమ్ముడు డోలక్ కోసం చెయ్యి చాపిండు. నేను ఒళ్ల పెట్టుకున్న. పెండ్లయిన కొత్తల నేర్పుమంటే, "ఆడోళ్లు చప్పట్లు కొడితే సాలు" అన్నవ్ యాదుందా? గది గూడ మనసుల పెట్టుకునే కొట్టిన. రెండో చరణంల ఏడుపొచ్చింది, ఏడాదిల మొదటిసారి. అందరు పాట ఆపిన్రు. నేను ఆపలే. ఏడ్సుకుంటనే కొట్టిన. ఒక్కొక్కలు మళ్ల పాట అందుకున్నరు.

"ఆదివారం చర్చిల గూడ కొడ్తవా అమ్మా?" అని పాస్టరయ్య అడిగిండు. మీ తమ్ముడు నా దిక్కు సూసిండు.

కొడ్త అన్న.

ఇగ ఆ డోలక్ నాది, బావా.