అరుగు మీంచి పడ్డవాళ్లు

కొత్తపేట,
14-7-1983

చిరంజీవి డాక్టర్ విశ్వపతికి మేనమామ ఆశీస్సులు.

తన థీసిస్‌లో నా పేరు వేయిస్తానని మీ నాన్న ముప్పై ఏళ్ల కిందట మీ అమ్మ ఎదుట మాట ఇచ్చాడు. అచ్చయ్యాక చూస్తే టైపిస్టుకు కూడా కృతజ్ఞతలున్నాయి, కేసులన్నీ రాసిచ్చిన నాకు లేవు.

ఇప్పుడు మీ అమ్మ పంపిన నీ థీసిస్ చిత్తుప్రతి చదివాను. నేను కాంపౌండరుగా రాసిన పాత రిజిస్టరు చూసి, క్యాజువాలిటీకి వచ్చినవాళ్లలో అరవై ఇద్దరు అరుగు మీంచి పడ్డారనీ, కోనసీమ అరుగులకు కటకటాలు కట్టించాలనీ తేల్చావు. పరీక్షకులు నవ్వి వెనక్కి పంపుతారు నాయనా!

మూడడుగుల అరుగు మీంచి పడితే నడుం విరుగుతుందా? వాళ్లంతా పరాయి తోటలో దొంగతనంగా కొబ్బరిచెట్టెక్కి జారినవాళ్లు. "ఆయ్, అరుగు మీంచేనండి కాంపౌండరుగారూ, అలాగే రాసెయ్యండి, మీకు పుణ్యముంటాది" అనేవారు. పోలీసు కేసవుతుందని నేనూ అలాగే రాశాను.

నిజాలు రాసుకున్న నా సొంత నోటుబుక్కు దీనితో పంపుతున్నాను. పేర్లు కొట్టేశాను. గడువులోగా దిద్దుకో, డిగ్రీ పోగొట్టుకోకు. నిన్నేమీ అనను. రిజిస్టరు దొరికితే చాలు, అది రాసినవాణ్ణి పలకరించక్కర్లేదని నీకు నేర్పినవాడు మీ నాన్న, మా సోమయాజులు బావ.